మహనీయుల జీవితాలు: మొఫాట్ దంపతులు

ఈ నెల గోడ పత్రికకు ఎవరైనా గొప్పవారి జీవితం రాయమని మేడం గారు నాకు చెప్పారు. గాంధీ గారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి అక్కలు ముందే రాసేశారు. అందుకని నేను లైబ్రరీ బీరువాలో వెతికి ఆఫ్రికాలో పనిచేసిన మొఫాట్ దంపతుల గురించి చదివాను. వీళ్ల గురించే ఎందుకు రాస్తున్నానో చివర్లో చెబుతాను.

రాబర్ట్ మొఫాట్ గారు 1795వ సంవత్సరం డిసెంబరు 21వ తేదీన స్కాట్లాండులోని ఆర్మిస్టన్ అనే ఊరిలో జన్మించారు. 14 ఏళ్లకే, అంటే మన వయసులోనే, తోటపని నేర్చుకోడానికి చేరారు. తరువాత ఇంగ్లండులో ఒక మొక్కల తోటలో పనికి కుదిరారు. ఆ తోట యజమాని కూతురే మేరీ స్మిత్ గారు. ఇద్దరిదీ ఒకే వయసు. 1816లో లండన్ మిషనరీ సొసైటీ వారు రాబర్ట్ గారిని దక్షిణ ఆఫ్రికాకు పంపారు. మేరీ గారి అమ్మానాన్నలు అంత దూరం పంపము అన్నారు. మూడేళ్లకు ఒప్పుకున్నారు. 1819 డిసెంబరు 27న కేప్ టౌన్‌లో వారి పెళ్లి జరిగింది.

పెళ్లయ్యాక ఎడ్లబండి మీద వారాల తరబడి ప్రయాణం చేసి త్స్వానా అనే జనం ఉండే కురుమాన్ ప్రాంతానికి చేరారు. అక్కడ వానలు తక్కువ. మొఫాట్ గారు తోటమాలి కదా, కాలువ తవ్వి కూరగాయలు వేశారు. ఊరి ఆడవాళ్లు పైన గండి కొట్టి ఆ నీళ్లు తమ పొలాలకు తిప్పుకునేవారు. ఈయన పార పట్టుకుని ఎండలో వెళ్లి మళ్లీ కట్టేవారు. నీళ్ల కాడ తగువు మన ఊళ్లలో కూడా ఉన్నదే. ఒకసారి కరువు వస్తే వీళ్ల వల్లే వాన పడటం లేదని అక్కడివాళ్లు వెళ్లిపొమ్మన్నారు. అయినా వాళ్లు పోలేదు.

మేరీ గారి ఇంట్లో మట్టినేల. మొదట ఆమెకు పేడ అంటే అసహ్యం. తరువాత వారానికి ఒకసారి తనే పేడతో అలికేవారు. దుమ్ము లేవదు, పురుగులు ఉండవు, ఎంతో బాగుంది అని ఇంటికి ఉత్తరం కూడా రాశారు. అది చదివి నాకు మా అమ్మ ఇల్లు అలకడం గుర్తొచ్చింది.

అన్నిటికన్నా కష్టం భాషతో వచ్చింది. మొదట మొఫాట్ గారు దుబాసీని పెట్టుకుని మాట్లాడేవారు. ఒకసారి ఆత్మరక్షణ చాలా పెద్ద విషయం అని ఈయన చెబితే, అది చాలా పెద్ద సంచి అని దుబాసీ చెప్పాడట! ఇలా అయితే లాభం లేదని 1827లో ఆయన ఇల్లు వదిలి కొన్ని వారాలు త్స్వానా వాళ్ల మధ్యనే ఉండి వాళ్ల భాష నేర్చుకున్నారు. దాని పేరు సెత్స్వానా. అప్పటికి ఆ భాషలో పుస్తకాలు దాదాపు లేవు. 1830లో ఆయన బైబిల్‌లోని ఒక భాగం తర్జుమా చేసి కేప్ టౌన్ తీసుకెళ్లారు. అక్కడ అచ్చు పని కూడా నేర్చుకుని, 1831లో అచ్చుయంత్రాన్ని కురుమాన్ తెచ్చారు. తెల్ల కాగితం లోపలికి వెళ్లి అక్షరాలతో బయటికి వస్తుంటే ఊరంతా వింతగా చూసింది. ఒకతను మొదటి కాగితం పట్టుకుని ఊరంతా పరుగెత్తి చూపించాడట.

బైబిల్ మొత్తం పూర్తయ్యేసరికి 1857 వచ్చింది. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు దాటాయి. ఆ వయసులో మా ఊరి తాతలు అరుగు మీద కూర్చుంటారు. మొఫాట్ గారు మాత్రం 1859లో, ఇప్పుడు జింబాబ్వేలో ఉన్న ఇన్యాతి అనే చోటికి వెళ్లి, కొత్తగా వచ్చినవాళ్లకు ఇళ్లు కట్టడంలో సాయం చేశారు. కమ్మరిపని, వడ్రంగిపని ఆయనే చేశారు. మేరీ గారు కురుమాన్‌లో ఉండి అన్నీ చూసుకున్నారు. 1862లో వాళ్ల పెద్దకూతురు మేరీ, ఒక కొడుకు ఒకే ఏడాది చనిపోయారు. ఆ కూతురు ఆఫ్రికాలో ప్రయాణాలు చేసిన లివింగ్‌స్టన్ గారి భార్య. అంత దుఃఖంలో కూడా ముసలివాళ్లిద్దరూ ఇంకా ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నారు.

1870 మార్చిలో, 74 ఏళ్ల వయసులో, ఓపిక లేక సెలవు తీసుకున్నారు. ఒకప్పుడు పొమ్మన్న ఊరే ఇప్పుడు బండి వెనక ఏడుస్తూ నడిచింది. ఇంగ్లండు చేరిన కొద్ది నెలలకే, 1871 జనవరిలో మేరీ గారు చనిపోయారు. 1883 ఆగస్టు 9న 87 ఏళ్ల వయసులో రాబర్ట్ గారు చనిపోయారు.

నాకు నచ్చనిది కూడా ఒకటి ఉంది. త్స్వానా వాళ్లకు దేవుడనే ఆలోచనే లేదని ఆయన రాశారు. అది తప్పని తరువాతివాళ్లు చెప్పారు. వాళ్ల ఆచారాలు ఆయనకు అర్థం కాలేదు. ఇంకొకటి, ఆయనకు ఆ మాటలు నేర్పినవాళ్ల పేర్లు నేను చదివిన పుస్తకంలో లేవు. నేర్పినవాళ్లు కూడా గురువులే కదా.

ఇప్పుడు నేను ఎందుకు రాశానో చెబుతాను. మాది సవర ఇల్లు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. ఒకటో తరగతిలో నాకు తెలుగు రాదు. దాహమేస్తే నీళ్లు ఎలా అడగాలో తెలియక ఏడ్చాను. అందరూ నవ్వారు. చాలా రోజులు నేను బడిలో నోరు విప్పలేదు. మా భాష భాషే కాదు అనుకునేదాన్ని. తరువాత మన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని 1931లో మా భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారని మాస్టారు చెప్పారు. ఆ రోజు చాలా సంతోషం వేసింది. మొఫాట్ గారి కథ చదివితే మళ్లీ అదే గుర్తొచ్చింది. పెద్ద చదువులు చదివినవాళ్లే వచ్చి కూర్చుని నేర్చుకున్నారంటే మన భాష చిన్నది కాదు.

వార్డెన్ గారికి నా విన్నపం. వచ్చే నెల నుంచి మన గోడ పత్రికలో ఒక మూల మన ఇళ్లలో మాట్లాడే మాటలకు ఇవ్వండి. సవర, జాతాపు, గదబ ఎవరిది వాళ్లు అయిదేసి మాటలు రాస్తాము. ఫ్రెండ్స్, రాత్రిళ్లు ఏడుస్తున్న కొత్త చెల్లెళ్లు మన హాస్టల్లో ఉన్నారు. వాళ్లను చూసి నవ్వకండి. దగ్గర కూర్చుని వాళ్ల భాషలోనే ఒక మాట అడగండి.

— 9వ తరగతి విద్యార్థిని