విలియమ్ ఆడమ్‌గారి చరిత్రము

పసుపుకొమ్మును విరిచి లోపలి రంగు చూడక బేరమాడువారు మా జక్రాన్‌పల్లి ప్రాంతమున కానరారు. ఆర్మూరు అంగడిలోనైనను, నిజామాబాదు అంగడిలోనైనను ఇదియే మర్యాద. కాని మతవిషయము వచ్చునప్పటికి, తాతతండ్రులు మూటగట్టి యిచ్చినదానిని విప్పి చూచుటయే పాపమని అనేకులు తలంతురు. హిందూసంఘమున బుట్టిన మనయందే ఈ గుణము కలదనుట న్యాయము కాదు. క్రైస్తవులలోను ఇది సమృద్ధిగా నున్నది. మిషనరీలనగా మన ప్రాంతమువారికి మొదట స్ఫురించునది 1915లో ఇసబెల్ కెర్ దొరసానిగారును ఆమె భర్తగారును డిచ్‌పల్లియందు స్థాపించిన కుష్ఠరోగుల ఆసుపత్రి. ఆ సేవకు మేము చేతులెత్తి నమస్కరింతుము. అయినను సేవ వేరు, సిద్ధాంతము వేరు. సిద్ధాంతమును బోధింపవచ్చి, తాను బోధించునది నిజమా యని తనలో తానే విచారణ జరిపి, తీర్పు తనకు ప్రతికూలముగా వచ్చినను దానిని శిరసావహించిన మిషనరీ యొకడు కలడు. ఆయనయే విలియమ్ ఆడమ్. బ్రాహ్మసమాజ చరిత్ర చదివినవారికి ఈ పేరు క్రొత్తది కాదు. పేరు తెలిసినంతగా కథ తెలియదు.

ఆడమ్ 1796లో స్కాట్లండు దేశమందలి డన్‌ఫర్మ్‌లిన్ పట్టణమున జన్మించెను. బాప్టిస్టు సంఘమువారు పంపగా ఆయన 1818లో వంగదేశము చేరెను. కేరీ, మార్ష్‌మన్, వార్డు అను ముగ్గురు ప్రసిద్ధులు శ్రీరామపురమున ముద్రణాలయమును, పాఠశాలలను నడపుచుండిన కాలమది. ఆడమ్ సంస్కృతమును, బంగాళీని శ్రద్ధతో నేర్చెను. అంతలో రామమోహనరాయలతో పరిచయము కలిగెను. రాయలు విగ్రహారాధనమును ఖండించి, ఉపనిషత్తులను అచ్చువేయించి, 1820లో సువార్తలనుండి యేసుయొక్క నీతిబోధను మాత్రమే యెత్తి ఒక గ్రంథము ప్రకటించెను. అద్భుతకార్యములను, సిద్ధాంతభాగమును అందు విడిచెను. మార్ష్‌మన్ దానిపై కత్తి దూసెను. ఆడమ్ మాత్రము రాయలు ఒక్క మెట్టు దూరములో నున్నాడనియు, యేసుయొక్క పరిపూర్ణ దైవత్వమును ఆయనకు నచ్చజెప్పగలిగినచో కార్యము సిద్ధించుననియు తలచి, ఆయనయింటికి పోవుచు వాదించుచుండెను.

ఇట్లుండగా నాలుగు సువార్తలను శుద్ధమైన బంగాళీలోనికి క్రొత్తగా మార్చుటకు ఆడమ్, యేట్స్ అను మరియొక బాప్టిస్టు బోధకుడు, రామమోహనరాయలు కలిసి పనికి గూర్చుండిరి. యోహాను సువార్త మొదటి అధ్యాయము మూడవ వచనమునకు వచ్చునప్పటికి చిక్కు పుట్టెను. సృష్టికిని వాక్యమునకును గల సంబంధమును దెలుపుచు గ్రీకు మూలమున 'దియా' అను చిన్న పదమొకటి యున్నది. దానిని మన భాషలో 'చేత' అని వ్రాయవలెనా, 'ద్వారా' అని వ్రాయవలెనా? విభక్తిపై ఇంత తర్జనభర్జన యేల యని చదువరులు నవ్వవచ్చును. దస్తావేజు యజమానిచేత వ్రాయబడెనా, ముఖ్తారు ద్వారా వ్రాయబడెనా యను ప్రశ్నపై ఎన్ని దావాలు నిలిచినవో, ఎన్ని పడిపోయినవో కచ్చేరీ మెట్లెక్కినవారికి చెప్పనక్కరలేదు. ముఖ్తారు ఎంతటి ఘనుడైనను అధికారము అతనిది కాదు, ఇచ్చినవానిది. 'ద్వారా' అని వ్రాసినచో తండ్రి యజమానియు, కుమారుడు ఆయన పంపినవాడును అగుదురని తోచును.

యేట్స్ మొదట 'ద్వారా' యను అర్థమునకు సమ్మతించెను. పిదప ఆలోచించి, అది కుమారుడు తండ్రికంటె తక్కువవాడని నాలుగవ శతాబ్దమున బోధించిన ఏరియసు మార్గమునకు దారితీయునని వెనుదీసి, ఆ పనినుండియే తొలగెను. ఈ వాదము నడచుచున్నంతసేపును రామమోహనరాయలు కలము చేతబట్టి, అంతయు వినుచు, ఒక్కమాటయైన పలుకక కూర్చుండెనట. వాదములో ఆరితేరిన ఆ మహానుభావునకు అప్పుడు మాటాడవలసిన పనియే లేకపోయెను.

ఆ పదమొక్కటి మారినంతమాత్రమున త్రిత్వసిద్ధాంతము కూలునా? కూలదని క్రైస్తవ పండితులు వాదింతురు. వారి వాదమునకును బలము కలదు. నేటి బైబిలు అనువాదములు పెక్కింట 'ద్వారా' యను అర్థమే అచ్చుపడియున్నది, దేవాలయములు నిలిచియే యున్నవి. కావున ఆడమ్‌ను కదల్చినది కేవలము ఆ పదము కాదని మా తలంపు. మూలమున ఏమున్నదని కాక, ఉన్నది వ్రాసినచో ఏమి వచ్చునోయని భయపడి అర్థము నిర్ణయించుట ఆయన కన్నులయెదుట జరిగెను. సాక్షి చెప్పినదానిని వ్రాయక, తీర్పునకు అనుకూలమైనదానిని వ్రాయు గుమాస్తాను మనమెవ్వరమును సహింపము.

1821లో కొన్ని నెలలు ఆయన సందేహములో గడపెను. రాయలను మార్పబోయి తన నమ్మకమే కదలినదని మిత్రునికి జాబు వ్రాసి దాపరికములేక ఒప్పుకొనెను. గ్రంథములను మరల మరల శోధించి, దేవుడొక్కడేయనియు, యేసు దేవుడు పంపిన బోధకుడేకాని దేవుడు కాడనియు నిశ్చయించుకొని, బాప్టిస్టులను విడిచెను. జీతము పోయెను, స్నేహములు పోయెను. ఆంగ్లభాషలో ఆడమ్ అనునది మన తెలుగు బైబిలులోని ఆదాము పేరే గనుక, ఈయన పతనమునొందిన రెండవ ఆదామని కలకత్తా తెల్లవారు పరిహాసమాడిరి. ధనమునకై మతము మారువారిని చూచి నవ్వుటకు కారణము కలదు; ధనము పోగొట్టుకొని మారినవానిని చూచి నవ్వుట మాకు అర్థము కాదు.

ఆయన పాత యింటిని పడగొట్టి వీథిలో నిలువబడలేదు. సువార్తలను విడువలేదు, ప్రార్థనను విడువలేదు. 1821 సెప్టెంబరులో కలకత్తా యూనిటేరియను కమిటీ ఏర్పడగా ఆడమ్ దాని బోధకుడయ్యెను. రామమోహనరాయలు, ద్వారకానాథ ఠాకూరు, ప్రసన్నకుమార ఠాకూరు, థియోడర్ డికెన్స్ అను బారిస్టరు మున్నగువారు అందు చేరిరి. 1823లో రాయల తుది సమాధానగ్రంథమును అచ్చువేయుటకు బాప్టిస్టు ముద్రణాలయమువారు నిరాకరింపగా, రాయలు తన ముద్రణాలయమునే స్థాపించుకొనెను. కాని ఆడమ్‌గారి ఉపాసనకు జనము నిలువలేదు. తెల్లవారు తమ సంఘమునకు జంకిరి. బంగాళీలకు ఆంగ్లభాషలోని ఆ ప్రార్థన పరాయిదిగనే తోచెను. 1828 నాటికి ఆ మందిరమున బల్లలే మిగిలెను.

ఒకనాడు ఆ ఉపాసననుండి మరలుచు, తారాచంద చక్రవర్తియు చంద్రశేఖర దేవుడును, పరులయింటికి పోనేల, మనకే ఒక ప్రార్థనాస్థలము ఉండరాదా యని రాయల నడిగిరని చెప్పుదురు. 1828 ఆగష్టు 20వ తేదీన చిత్పూరు వీథిలోని అద్దెయింట బ్రాహ్మసభ వెలసెను. శనివారము సాయంకాలము అచ్చట వేదము చదివినవారు ఇద్దరు తెలుగు బ్రాహ్మణులు! ఈ సంగతి చదివినప్పుడు మాకు కలిగిన సంతోషము వెంటనే కుంగిపోయెను. ఏలయన, ఆ వేదపఠనము తెరవెనుక ప్రక్కగదిలో జరుగుచుండెను. అబ్రాహ్మణులకు ఆ గదిలో ప్రవేశము లేదు. ఏకేశ్వరుని మందిరమున మన తెలుగుగొంతు మొదట వినబడినది తెరచాటుననే. 1830 జనవరిలో వ్రాయబడిన ట్రస్టు దస్తావేజు భేదములేక సర్వజనులకును ఆ మందిరమును తెరచెను. అంతకంటె ఉదారమైన దస్తావేజును మేము చదివి యెరుగము. అయినను దేవేంద్రనాథ ఠాకూరు వచ్చువరకును ఆ తెర తొలగలేదు. దస్తావేజు వ్రాయుట సులభము, తెర దింపుట కష్టము.

ఆడమ్‌కు ఈ సభ నిరాశనే కలిగించెను. తన ఉపాసన ఎండిపోవుచుండగా రాయలు వేదములవైపు మరలుట ఆయనకు రుచింపలేదు. అయినను మైత్రి చెడలేదు.

తరువాతి జీవితము ఇంకొక గ్రంథమునకు చాలును. 1835లో బెంటింకు ప్రభువు నియమింపగా, వంగదేశమున దేశీయ విద్యాస్థితిని విచారించి 1838 వరకు మూడు నివేదికలు సమర్పించెను. వంగ బీహారులలో దాదాపు లక్ష గ్రామపాఠశాలలున్నవని ఆయన వేసిన లెక్కపై పండితులు నేటికిని వాదించుచున్నారు. ఆ పాఠశాలలను నిలిపి బాగుచేయుడని ఆయన చెప్పిన మాట ప్రభుత్వము చెవినబెట్టలేదు. 1838లో అమెరికాకు పోయెను. 1840లో హిందూదేశమందలి బానిసత్వముపై గ్రంథము ప్రకటించెను. ఆ యేడే లండనులో జరిగిన బానిసత్వ నిర్మూలన మహాసభ స్త్రీప్రతినిధులను చేర్చుకొననందున, నిరసన తెలిపినవారిలో ఒకడయ్యెను. టొరాంటో, చికాగో నగరములలో యూనిటేరియను బోధకుడుగా నుండి, తుదకు ఆ వేదికను కూడ విడిచి ఇంగ్లండు చేరెను. ఒకసారి విరిచి చూచిన చేయి రెండవసారి ఊరకుండునా?

రామమోహనరాయలను గూర్చి అమెరికాలో ఆయన చేసిన ఉపన్యాసము 1879లో కలకత్తాలో అచ్చయ్యెను. అప్పటికి రాయలు బ్రిస్టలులో మరణించి 46 సంవత్సరములు గడచినవి. తన మతమును తలక్రిందులు చేసిన మనుష్యుని గూర్చి ఆ పుటలలో ఒక్క నిష్ఠురమైన మాట లేదు. మరి రెండేండ్లకు, 1881లో, తన 84వ యేట ఆడమ్ ఇంగ్లండునందు కన్నుమూసెను.