మందు వెనుక రాత: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

కీర్తిశేషులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తెలుగు విద్యార్థులకు కొత్త కాదు. ఆరియోమైసిన్ అనగానే ఆయన్ని తలుచుకుంటాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఆయన మందుల సంగతి కొంత, ఆ మందుల గురించిన రాత సంగతి ఎక్కువ. దానికి కారణముంది. బి.ఎస్సీ. అయ్యాక మెడికల్ రైటింగ్ నేర్చుకుంటానని అంటే మా వూళ్ళో కథలు రాస్తావా అని నవ్వుతున్నారు. కథలు కాదు. ఒక మందును ఎంతమందికి, ఎంత మోతాదులో ఇచ్చారు, ఎవరికి తగ్గింది, ఎవరికి వికటించింది అన్నది ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టే పని. మందుల కంపెనీలకు ఈ పని చేసేవాళ్ళు కావాలి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. (పరీక్ష తప్పిన మిత్రులు గమనించగలరు!) మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసరు దొరగారికి గిట్టలేదు. దాంతో ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టాతో బయటపడ్డారు. అంతలో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో పోయారు. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సాయంతో 1923లో అమెరికా చేరి, హార్వర్డులో చదువుతూ ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. మళ్ళీ స్వదేశం రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆ యిల్లాలి త్యాగాన్ని గురించి మనవాళ్ళు రాసింది బహు తక్కువ.

1925లో ఫిస్కే గారితో కలిసి ఆయన ఒక వ్యాసం ప్రకటించారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. మాలిబ్డేట్ కలిపితే, ఆపైన ఇంకో ద్రావణం కలిపితే నీలం రంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువన్నమాట. ఇవాళ్టికీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే చేయిస్తారు. బోస్టన్‌లో రాసిన పద్ధతిని నూరేళ్ళ తర్వాత నెల్లూరు జిల్లా పిల్లలు చేస్తే అదే నీలం వస్తోందంటే ఆ రాత ఎంత తేటగా ఉండాలి! ఏది ఎంత కలపాలి, ఎంతసేపు ఆగాలి అన్నచోట ఒక్క మాట జారినా ఈ పని జరిగేది కాదు.

కండరాల రసంలో ఆ నీలం ఆలస్యంగా రాసాగింది. ఇంకొకరైతే ప్రయోగం చెడిందని పారబోసేవారేమో. వీరు ఆ ఆలస్యాన్ని కూడా లెక్కలోకి రాసుకున్నారు. దాన్ని పట్టుకుని పోతే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది (1927). 1929లో, కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. గురించి ప్రకటించారు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. అంతకు కొద్దికాలం ముందు, 1937లో, అమెరికాలో పరీక్షించకుండా అమ్మిన సల్ఫనిలమైడ్ ద్రావకం తాగి నూరుమందికి పైగా చనిపోయారు. దరిమిలా 1938లో కొత్త చట్టం వచ్చింది. మందు హాని చెయ్యదని రాతపూర్వకంగా చూపనిదే బజారుకు రాకూడదు. నేను నేర్చుకోబోయే వృత్తికి పునాది అక్కడ పడిందనే నా ఉద్దేశం.

లెడర్లీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకు పనికొచ్చే మందు అది. 1946లో 'సైన్స్' పత్రికలో వచ్చిన దాని వ్యాసంలో పదహారు పేర్లున్నాయి. పరిశోధన నడిపించిన ఆయన పేరు ఏడోది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ఎదిరించే అమినోప్టెరిన్ కూడా అక్కడే తయారైంది. 1948లో డాక్టర్ ఫార్బర్ దాన్ని రక్తకేన్సర్ పిల్లలకు ఇచ్చారు. పదహారుమందిలో పదిమందికి గుణం కనిపించింది. అప్పటిదాకా ఆ జబ్బుకు మందే లేదు. అయినా వ్యాసం శీర్షికలోనే ఆ ఉపశమనం తాత్కాలికమని రాశారు. కన్నవాళ్ళకు అబద్ధపు ఆశ పెట్టని మాట అది. ఈ వృత్తిలో నేను మొదట నేర్చుకోవలసింది అదేననిపించింది.

మా సముద్రతీరానికి ఆయన చేసిన మేలు ఇంకొకటుంది. హెట్రజాన్, అంటే డి.ఇ.సి. మాత్ర, 1947లో లెడర్లీలోనే బయటికొచ్చింది. నా చిన్నప్పుడు ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి పంచిన బోదకాలు మాత్ర అదే. మా వీధిలో సగంమంది దాన్ని తీసుకుని గోడవతల పారేసేవారు. వేసుకుంటే జ్వరమొస్తుందని భయం. మా నాయన కూడా నాట్ల రోజుల్లో పనిపోతుందని వేసుకోలేదు. ఒంట్లో పురుగులు చస్తుంటేనే ఆ జ్వరం, తలనొప్పి వస్తాయని, త్వరలోనే తగ్గిపోతాయని నాలుగు తెలుగు ముక్కలు రాసి చేతిలో పెట్టినవాళ్ళు లేరు. మందు కనిపెట్టడానికి ఒక మహానుభావుడి జీవితం పట్టింది. మింగించడానికి నాలుగు ముక్కలు కరువయ్యాయి!

1948 వేసవిలో ఆరియోమైసిన్ లోకానికి వెల్లడైంది. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసినవారిగా డగ్గర్ గారి పేరు నిలిచింది. ఆ పరిశోధనకు అధిపతి సుబ్బారావు గారు. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, నిద్రలో గుండె ఆగి చనిపోయారు. తరువాత ఒక బూజుజాతికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో, ఆయన పుట్టిన నూరేళ్ళకు, మన ప్రభుత్వం తపాలాబిళ్ళ వేసింది.