సొస్యూర్ – సంస్కృతాధ్యయనము

ఆధునిక భాషాశాస్త్ర ప్రవర్తకుడైన ఫెర్డినాండ్ ద సొస్యూర్ 1857లో జెనీవా నగరమున జన్మించెను. తొలుత భౌతిక, రసాయన శాస్త్రముల నభ్యసించి, 1876లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమున భాషాధ్యయనమునకు చేరెను. ఇరువదియొకటవ యేటనే, సంస్కృత సేట్ ధాతువులను సైతము పరిశీలించి, ఇండో-యూరోపియన్ మూలభాషలో లుప్తమైన ధ్వనుల నూహించెను. ఆ యూహకు హిట్టైట్ భాషలో నిదర్శనమును 1927లో కురిలోవిచ్ చూపెను. 1880లో సొస్యూర్ డాక్టరేటు పొందిన సిద్ధాంతవ్యాసమునకు విషయము, పాణిని 2.3.38 సూత్రమున విధించిన అనాదరషష్ఠి ప్రయోగమే.

పారిస్‌లో పదేండ్లు బోధించి, 1891లో జెనీవాకు మరలి సంస్కృతమును, తులనాత్మక వ్యాకరణమును బోధించెను. 1907–1911 నడుమ సామాన్య భాషాశాస్త్రమును మూడు పర్యాయములు ఉపన్యసించి, 1913లో దివంగతుడయ్యెను. విద్యార్థుల వ్రాతప్రతుల ఆధారమున బల్లీ, సెషే 1916లో ప్రకటించిన గ్రంథముచే ఆయన కీర్తి జగద్వ్యాప్తమయ్యెను.

ఆ గ్రంథమును మాత్రమే చదువు భాషాశాస్త్ర విద్యార్థియు, దానిని తాకని వైయాకరణుడును ఆయనను సగమే యెరుగుదురు.