అణువాది బోల్ట్‌జ్‌మన్

సైకిలు ట్యూబులో గాలి నింపితే అది బిగుసుకొంటుంది. ఎండలో ఉంచితే మరింత బిగుస్తుంది. గాలిలోని అసంఖ్యాకమైన అణువులు నిరంతరం అన్ని దిక్కులకూ చలిస్తూ ట్యూబు గోడలను తాకడమే దీనికి కారణం. ఆ తాకిడి వల్ల కలిగేదే పీడనం. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ అణువుల వేగమూ పెరుగుతుంది. ఇదే వాయువుల అణుచలన సిద్ధాంతం. నేడు విద్యార్థులందరూ ఎరిగిన ఈ సత్యాన్ని నిలబెట్టడానికి జీవితాన్ని ధారపోసిన మహనీయుడు లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్.

బోల్ట్‌జ్‌మన్ 1844 ఫిబ్రవరి 20న ఆస్ట్రియాలోని వియన్నా నగరంలో జన్మించాడు. తండ్రి పన్నుల శాఖలో ఉద్యోగి. 15వ ఏట తండ్రిని కోల్పోయినా బోల్ట్‌జ్‌మన్ విద్యాభ్యాసాన్ని విడిచిపెట్టలేదు. వియన్నా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ స్టెఫాన్ వద్ద చదివి, 1866లో అణుచలన సిద్ధాంతంపైనే పరిశోధించి డాక్టరేటు పొందాడు. 25 ఏళ్ళకే గ్రాజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

పాత్రలోని అణువులన్నీ ఒకే వేగంతో చలించవు. ఏ వేగంతో ఎన్ని చలిస్తాయో తెలిపే నియమాన్ని 1860లో మాక్స్‌వెల్ ప్రతిపాదించగా, బోల్ట్‌జ్‌మన్ దానిని విస్తృతపరిచాడు. గది మూలలో వెలిగించిన అగరువత్తి పరిమళం గది అంతటా వ్యాపిస్తుంది. తిరిగి ఆ మూలకు చేరదు. అణువుల గమనాన్ని వెనుకకు మళ్ళిస్తే అలా చేరవలసిందే కదా అని మిత్రుడు లోష్మిట్ 1876లో ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణే బోల్ట్‌జ్‌మన్‌ను లోతుగా ఆలోచింపజేసింది. అణువులు చెదరి ఉండగల రీతులు లెక్కకు మిక్కిలి. ఒకచోట కూడి ఉండగల రీతులు అత్యల్పం. కనుక తిరిగి కూడడం అసాధ్యం కాకపోయినా, ఆ సంభావ్యత శూన్యప్రాయం. ఈ విధంగా 1877లో ఆయన ఎంట్రోపీని సంభావ్యతతో ముడిపెట్టాడు.

అయితే ఆనాటికి అణువును చూసినవారు లేరు. మాక్, ఆస్ట్‌వాల్డ్ వంటి ఉద్దండులు దాని ఉనికినే అంగీకరించలేదు. 1895లో ల్యూబెక్ నగర సభలో బోల్ట్‌జ్‌మన్ ఆస్ట్‌వాల్డ్‌ను తీవ్రంగా ఎదుర్కొన్నాడు. వాదంలో ప్రత్యర్థులైనా వారి స్నేహం చెడలేదు. 1900లో ఆస్ట్‌వాల్డ్ పనిచేస్తున్న లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలోనే బోల్ట్‌జ్‌మన్ ఆచార్యుడిగా చేరాడు.

చిరకాలం మనోవ్యాధితోనూ అనారోగ్యంతోనూ కృశించిన బోల్ట్‌జ్‌మన్ 1906 సెప్టెంబరు 5న, నేటి ఇటలీలోని డ్యుయినోలో బలవన్మరణం పొందాడు. నీటిలోని సూక్ష్మరేణువుల కదలికకు అణువుల తాకిడే కారణమని ఐన్‌స్టీన్ 1905లోనే గణించాడు. 1908లో పెర్రిన్ దానిని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. మరుసటి ఏడాదికి ఆస్ట్‌వాల్డ్ సైతం అణువును అంగీకరించాడు. ఆ విజయాన్ని చూసే భాగ్యం బోల్ట్‌జ్‌మన్‌కు దక్కలేదు.

వియన్నాలోని ఆయన సమాధిపై ఎంట్రోపీ సూత్రాన్ని చెక్కారు. 2019 నుండి ఉష్ణోగ్రతకు ప్రమాణమైన కెల్విన్‌ను ఆయన పేరుతో ఉన్న స్థిరాంకం ఆధారంగానే నిర్వచిస్తున్నారు.