కంపెనీ కోటలో ఖైదీ – జీగెన్‌బాల్గ్ దొరగారి జీవితము

తమిళనాట తరంగంబాడి సముద్రతీరమున డాన్స్‌బోర్గ్ అను కోట నేటికిని నిలిచియున్నది. 1616లో డెన్మార్కు రాజుగారి అధికారపత్రముతో ఏర్పడిన డేనిష్ ఈస్టిండియా కంపెనీవారు, 1620లో తంజావూరు రఘునాథ నాయకునితో ఒడంబడిక చేసికొని, మిరియాల వర్తకమునకై దానిని కట్టించిరి. ఆ కంపెనీ మధ్యలో మూతపడి 1670లో తిరిగి లేచెను. ఆ కోటలోనే ఒక దైవసేవకుడు నాలుగు మాసములు బంధింపబడెను. ఆయన చరిత్రను మన సంఘస్థుల ఎదుట క్లుప్తముగా ఉంచగోరుచున్నాము.

బర్తలోమయి జీగెన్‌బాల్గ్ 1682లో జర్మనీలోని పుల్స్‌నిట్జ్‌లో జన్మించి, బాల్యమందే తలిదండ్రులను కోల్పోయి, హాలేలో వేదవిద్య నభ్యసించెను. రాజైన నాలుగవ ఫ్రెడరిక్ పంపగా, ప్లూట్షౌ అను జతపనివానితో కంపెనీ ఓడలోనే ప్రయాణమై, 1706 జూలై 9న తరంగంబాడి చేరెను. రాజు పంపినను కంపెనీవారికి వీరి రాక ఇష్టము కాలేదు. సువార్తపని వర్తకమునకు అడ్డమగునని వారు తలంచిరి.

ఆయన బడిపిల్లలతో కూర్చుండి ఇసుకలో అక్షరములు దిద్ది తమిళము నేర్చుకొనెను. 1707లో మొదటి బాప్తిస్మములిచ్చి, చిన్న దేవాలయము కట్టి, బాలికలకు బడి పెట్టెను. 1708లో ఒక బీద విధవరాలి అప్పు తగాదాలో ఆమె పక్షమున మాటలాడెను. ఎదుటివాడు కంపెనీ కొలువులోనివాడు. గవర్నరు హాసియస్ ఆగ్రహించి ఆయనను కోటలో పెట్టించెను.

1709లో విడుదలై పనిని మరల చేపట్టెను. 1711లో తమిళ క్రొత్త నిబంధన తర్జుమా ముగించెను. లండనులోని ఎస్.పి.సి.కె. సంఘమువారు పంపిన అచ్చుయంత్రముపై అది 1715 నాటికి వెలువడెను. 1718లో క్రొత్త యెరూషలేము దేవాలయమును ప్రతిష్ఠించి, 1719 ఫిబ్రవరి 23న, 36 ఏండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించెను. పాత నిబంధన తర్జుమా రూతు గ్రంథముతో ఆగిపోయెను. దానిని ముగించిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు వెళ్లి, బైబిలును తెలుగులోనికి కూడ తర్జుమా చేసెను. అది అచ్చుకు నోచుకొనకపోయినను, మన భాషకు ఆ కోట ఖైదీతో ఇట్లు సంబంధము కలిగినది.

1729లో ఆ కంపెనీ రద్దయ్యెను. 1845లో డేనులు ఆ ఊరినే ఆంగ్లేయులకు అమ్మివేసిరి. ఆయన కట్టిన దేవాలయములో ఆరాధన నేటికిని జరుగుచున్నది. కంపెనీ ఓడనెక్కి, కంపెనీ కోట నీడలో నివసించియు, విధవరాలికి అన్యాయము జరిగినప్పుడు ఆయన ఊరకుండలేదు. నూరేండ్ల పండుగ జరుపుకొను మనము, మనకు సహాయము చేయు పెద్దల ఎదుట బీదవారి పక్షమున నోరు తెరచుచున్నామా అని పరీక్షించుకొనవలెనని కోరుచున్నాము.