ఎమ్మెలీన్ పాంఖర్స్టు

ఇంగ్లాండు దేశమున నూలుమిల్లులకు ప్రసిద్ధికెక్కిన మాంచెస్టరు నగరమునందు 1858వ సంవత్సరమున ఎమ్మెలీన్ జన్మించెను. పదునాలుగవయేటనే తల్లివెంట ఓటుహక్కు సభకు వెళ్లి వచ్చెను. ఆమె 1879లో వివాహమాడిన రిచర్డు పాంఖర్స్టు న్యాయవాది. స్త్రీలకు ఓటొసగుటకై పూర్వమే బిల్లు వ్రాసియిచ్చిన ఉదారుడు. 1898లో ఆయన మరణింపగా, బిడ్డల పోషణకై ఆమె జననమరణములను నమోదుచేయు ఉద్యోగమున చేరెను. అచ్చటికి వచ్చు పేదస్త్రీల కష్టగాథలు వినివిని, చట్టములు చేయువారిని ఎన్నుకొను హక్కు లేనిదే ఈ దుఃఖములు తీరవని నిశ్చయించుకొనెను. 1903లో తన యింటనే ఒక మహిళాసంఘమును స్థాపించెను.

అది 1910వ సంవత్సరము నవంబరు 18వ తేదీ, శుక్రవారము. స్త్రీలలో కొందరికి ఓటు నొసగు బిల్లు పార్లమెంటు ముందుండెను. ప్రధానమంత్రి ఆస్క్విత్తు దానికి అవకాశమీయక సభను రద్దుచేయ నిశ్చయించెను. ఆ వార్త వినినంతనే లండనులోని కాక్స్‌టన్ హాలునుండి సుమారు 300 మంది స్త్రీలు చిన్నచిన్న జట్లుగా పార్లమెంటునకు బయలుదేరిరి. మొదటి జట్టున ఎమ్మెలీన్‌తోపాటు 74 ఏండ్ల వైద్యురాలు ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్, పంజాబు మహారాజు దులీపుసింగు కుమార్తె సోఫియా నడచిరి. వారిని ద్వారమువరకు పోనిచ్చిరి. ప్రధానమంత్రి దర్శనము మాత్రము లభింపలేదు.

ఆ ద్వారముకడ నిలిచి ఎమ్మెలీన్ చూచినదేమి? వెనుకవచ్చు జట్లను పోలీసులు కొట్టుచు, నేలపై పడద్రోయుచుండిరి. లేచినవారు మరల ముందునకే నడచుచుండిరి. ఆరుగంటలసేపు ఇట్లు జరిగెను. తాను పిలువగా వచ్చినవారు దెబ్బలు తినుచుండ, నాయకురాలు చూచుచు నిలువవలసివచ్చెను! నూటికిమించి స్త్రీలను నిర్బంధించిరి. మరునాడే పెక్కుమందిని విచారణ లేకయే విడిచిపుచ్చిరి. విచారణ జరిగినయెడల పోలీసుల చేష్టలును బయల్పడెడివి గదా!

పిమ్మట ఉద్యమము తీవ్రరూపము దాల్చెను. అద్దములు పగులగొట్టుట, నిర్జనమైన భవనములకు నిప్పుపెట్టుట మొదలయ్యెను. ఇది తగదని వేరుగా శాంతియుతముగ కృషిచేసిన స్త్రీలును పెక్కుమంది కలరు. 1913లో ఎమ్మెలీన్‌కు మూడేండ్ల కఠినశిక్ష విధింపబడెను. అప్పటి కామెకు 54 ఏండ్లు. చెరలో అన్నము ముట్టక కృశించినచో విడుచుట, కోలుకొనగానే మరల బంధించుట. ఇందుకై చేసిన చట్టమునకు జనులు పిల్లియెలుకల చట్టమని పేరిడిరి.

1914లో యుద్ధము రాగా ఆమె పోరాటము నిలిపివేసెను. 1918లో 30 ఏండ్లు నిండిన స్త్రీలకు, అందును కొంత ఆస్తియర్హత గలవారికే, ఓటు లభించెను. పురుషులతో సమానముగ 21 ఏండ్లకే ఓటొసగు చట్టము 1928 జూలై 2వ తేదీన అమలునకు వచ్చెను. ఎమ్మెలీన్ అదే సంవత్సరము జూన్ 14వ తేదీన కన్నుమూసెను.