మట్టిలోంచి మందు తీసిన తెలుగు వైద్యుడు సుబ్బారావు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మందుల షాపుల్లో నేడు దొరికే డాక్సీసైక్లిన్ మాత్ర టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. పొదల్లో తిరిగే సన్నని పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి వైద్యులు దీనినే వాడుతున్నారు. ఈ కుటుంబంలో మొట్టమొదటి మందు ఒక తెలుగువాని నాయకత్వంలో వెలువడింది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. దీంతో ఆంగ్ల ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఇంట్లో వరుస చావులు

స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన సోదరులిద్దరినీ కొద్ది రోజుల తేడాలో బలిగొన్నది. 1923లో మామగారి సాయంతో, దాతల చందాలతో ఆయన అమెరికా చేరారు. బోస్టన్‌లో ఆస్పత్రిలో రాత్రిపూట కూలి పని చేస్తూ చదువు సాగించారు. ఆయన అక్కడ ఉండగానే, స్వదేశంలో భార్య శేషగిరి వద్ద ఉన్న పసివాడైన కుమారుడు ఎరిసిపెలాస్ అనే చర్మవ్యాధితో కన్నుమూశాడు. అది బాక్టీరియా వల్ల వచ్చేది. ఆనాటికి దానికి యాంటీబయాటిక్ లేదు.

హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి, రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల గుట్టు విప్పారు. అయినా తగిన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అనతికాలంలోనే పరిశోధనలకు డైరెక్టరు అయ్యారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను చంపిన స్ప్రూకు అది మందయింది. బోదకాలు నివారణకు ఊరూరా పంచే డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది.

బంగారు రంగు మందు

ఆ రోజుల్లో పెన్సిలిన్‌కు లొంగని బాక్టీరియాలు ఎన్నో ఉండేవి. సుబ్బారావు బృందం దేశదేశాల మట్టిని తెప్పించి పరీక్షించింది. డెబ్బయి ఏళ్లు దాటిన శాస్త్రజ్ఞుడు డగ్గర్, 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం మట్టిలో బంగారు వన్నె సూక్ష్మజీవిని కనుగొన్నారు. దాని నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు గుండెపోటుతో మరణించారు. మళ్లీ స్వదేశం చూడలేదు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం ఆశ్రయించింది ఈ జాతి మందులనే.

లొంగని క్రిములు

అయితే ఈ మందులకూ గండం త్వరగానే వచ్చింది. 1953లోనే, రక్తవిరేచనాలు కలిగించే బాక్టీరియాలో టెట్రాసైక్లిన్‌కు లొంగని రకం బయటపడింది. పత్తి చేలో ఒకే మందు పదేపదే కొడితే శనగపచ్చ పురుగు దానికి చావకుండా తయారైనట్లే ఇదీను. బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. కొన్ని బాక్టీరియాలు లోపలికి వచ్చిన మందును బయటికి తోడిపోస్తాయి. ఆ విద్యను పక్కనున్న ఇతర జాతుల క్రిములకూ అందిస్తాయి.

కోళ్ల దాణాలో ఆరియోమైసిన్ కలిపితే పిల్లలు త్వరగా బరువెక్కుతాయని లెడర్లీ శాస్త్రజ్ఞులే 1950 ప్రాంతంలో చాటారు. ఆ అలవాటు లోకమంతా పాకింది. అమెరికాలో ఒక కోళ్ల ఫారంలో జరిపిన పరిశోధన 1976లో వెలువడింది. దాణాలో టెట్రాసైక్లిన్ కలిపిన కొద్ది నెలల్లోనే, ఆ రైతు కుటుంబం వారి పేగుల్లోనూ లొంగని బాక్టీరియా కనిపించింది. మన దేశంలో కొలిస్టిన్ అనే మరో మందును పశువులకు, కోళ్లకు వాడరాదని 2019లో ప్రభుత్వం నిషేధించింది.

జలుబుకు, మామూలు వైరస్ జ్వరానికి ఈ మందులు పనిచేయవు. డాక్టరు చీటీ లేకుండా రెండు మాత్రలు కొని మింగడం, నయమైనట్టు అనిపించగానే సొంతంగా మానేయడం, జబ్బు లేని కోళ్లకు దాణాలో కలపడం క్రిములకు పాఠం చెప్పినట్లే అవుతుంది. మందు లేని కాలంలో సుబ్బారావు తన కన్నబిడ్డను పోగొట్టుకున్నారు. మందు ఉండి కూడా పనిచేయని కాలం రాకుండా చూసుకోవడం నేటి తల్లిదండ్రుల చేతుల్లోనూ, కోళ్ల రైతుల చేతుల్లోనూ ఉంది.